కవాతు మైదానం నుంచి మౌలాలి గుట్ట దాకా

తక్కిన ఊళ్ళు గుడి చుట్టూనో, కోట చుట్టూనో, రేవు పక్కనో పెరుగుతాయి. సికిందరాబాదు దండు చుట్టూ పెరిగింది. 1798లో నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ ఒడంబడిక కుదిరిన మీదట కంపెనీ పటాలాలు హుస్సేన్ సాగరానికి ఉత్తరాన బయలు నేల మీద గుడారాలు వేసుకున్నాయి. 1806లో ఆ విడిదికి మూడవ నిజాము సికిందర్ జా పేరు పెట్టారు. తిరుమలగిరి, బొల్లారం, మారేడుపల్లి - ఎటు వెళ్ళినా నేటికీ ఏదో ఒక మూల సైన్యం వారి గోడ కనబడుతూనే ఉంటుంది. కనుక తెల్లవారక ముందే లేచి ఒళ్ళు వంచడమన్నది ఈ ఊరికి కొత్తగా అబ్బిన అలవాటు కాదు. పుట్టుకతో వచ్చినదే.

ఆ అలవాటును చూడగోరేవారు ఉదయం అయిదున్నరకల్లా పెరేడ్ మైదానం దాపుకు చేరుకోవాలి. ఒకనాడు తుపాకులు భుజాన పెట్టుకున్న సిపాయిలు అడుగులో అడుగు వేసిన చోట ఇప్పుడు పెన్షను పుచ్చుకునే పెద్దలు, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపి బూట్లు తొడిగిన గృహిణులు, పోలీసు ఉద్యోగాల పరీక్షకు తయారవుతున్న కుర్రవాళ్ళు చెమటలు కక్కుతూ సాగుతుంటారు. ఒక మూల నవ్వుల సంఘం వారు కారణం లేకుండా పకపకా నవ్వుతారు. రోడ్డు వార తోపుడు బండి మీద రాగి జావ, సొరకాయ రసం, కాకరకాయ రసం. ఆ పక్కనే గోనెపట్టా పరచుకుని, తూకపు యంత్రం ముందు పెట్టుకుని ఒక కుర్రవాడు కూర్చుంటాడు. అయిదు రూపాయలిస్తే మన బరువు మనకు చెబుతాడు. చిలక జోస్యం వాడికి కూడా అంత గిరాకీ ఉండదు.

మా బావగారికి ఆ కుర్రవాడి మీద కోపం వచ్చింది.

బావగారు తపాలా శాఖలో పనిచేసి, పదవీ విరమణ అయ్యాక బాపట్ల నుంచి వచ్చి పడమటి మారేడుపల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. అరవై రెండేళ్ళ మనిషి. కిందటేడు రక్తపరీక్షలో చక్కెర వ్యాధి బయటపడింది. ఆయన తండ్రిగారు ఇదే జబ్బుతో చివరి ఆరేళ్ళూ చూపు లేకుండా గడిపారు. కంచంలో ఏ కూర ఎటువైపు ఉందో మా అక్కయ్య చెబితే గాని ఆయన అన్నం కలుపుకోలేకపోయేవారు. అది కళ్ళారా చూసిన బావగారు, డాక్టరుగారు మందుబిళ్ళలు రాసి "రోజూ నడవండి" అన్న సాయంత్రమే బూట్లు కొనుక్కొచ్చారు.

మూడు నెలలు దివ్యంగా జరిగింది. 84 కిలోల మనిషి 79.5కు దిగారు. పరగడుపు చక్కెర 168 నుంచి 124కు వచ్చింది. అంతే! ఆ తరువాత ఆరు వారాలు అంకె కదలలేదు. అదే మైదానం, అదే నలభై నిమిషాలు, అదే చెమట. కుర్రవాడి యంత్రం మాత్రం పట్టుబట్టినట్టు 79.5 దగ్గరే కూర్చుంది.

"రాను రాను రాజుగారి గుర్రం గాడిదయిందట. ఇక ఈ నడక నాతో కాదోయ్. మందు పనిచేయడం మానేస్తే మందు మారుస్తారు. నడక పనిచేయడం మానేస్తే ఏం మారుస్తారూ?" అన్నారు బావగారు.

ఆయన విసుగుతో అన్న ఆ ప్రశ్నలోనే జవాబు కూడా ఉంది. మందు మార్చినట్టే నడకనూ మార్చవచ్చు. ఎందుకు మార్చాలో, ఎట్లా మార్చాలో తెలుసుకోవడానికి సికిందరాబాదు కంటె మంచి పాఠశాల మరొకటి దొరకదని ఆ సెలవులలో ఆయనతో కలిసి తిరిగినప్పుడు నాకు అనిపించింది.

మొదటి పాఠం రైల్వే స్టేషనులో దొరికింది. మేనకోడలు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దిగుతుందని తెల్లవారుజామున వెళ్ళాం. 1874లో వాడీ నుంచి ఈ ఊరికి రైలు వచ్చిన నాటి నుంచీ ఇక్కడ సామాను మోసేవాళ్ళు ఉండే ఉంటారు. ఎర్రచొక్కా తొడుక్కున్న ఒక పెద్దవయసు కూలీ, తలమీద చుట్టకుదురు, దానిమీద రెండు పెట్టెలు, చేత ఒక సంచీతో వంతెన మెట్లెక్కి దిగి వచ్చాడు. మాకు ఉత్త చేతులతోనే ఆయాసం వచ్చింది. అతని ఊపిరిలో మార్పే లేదు.

"ఇంత బరువు ఎట్లా మోస్తావయ్యా?" అని బావగారు అడిగారు.

"మొదట్ల మెడ తిరగకపోయేది సార్. రాత్రి పండుకుంటె నిద్ర రాకపోయేది. రెండు మూడు నెలలయినంక ఒళ్ళే నేర్చుకుంది. ఇప్పుడు పెట్టె నెత్తి మీద ఉన్నట్టే అనిపియ్యదు. చక్రాల పెట్టెలొచ్చినంక మా నెత్తికి పనే తగ్గింది," అని నవ్వాడు.

"ఒళ్ళే నేర్చుకుంది" అన్న మాటను శాస్త్రజ్ఞులు కూడా మరొక విధంగా చెప్పారు. ఆఫ్రికాలోని కెన్యా దేశంలో తలమీద బరువులు మోసే స్త్రీలను పరీక్షించి 1986లో ఒక సంగతి ప్రకటించారు. తమ శరీరం బరువులో ఐదో వంతు దాకా తలమీద పెట్టుకుని నడిచినా ఆ స్త్రీలకు అదనంగా శక్తి ఖర్చు కావడం లేదట! చిన్ననాటి నుంచీ మోసి మోసి, వారి శరీరం ఆ పనిని అంత పొదుపుగా చేయడం నేర్చింది.

మన శరీరం మహా లోభి. కొత్త పని చెబితే మొదట దుబారా చేస్తుంది, తరువాత లెక్కలు చూసుకుంటుంది. నడక మొదలుపెట్టిన కొద్ది రోజులకే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది. గుండె ఒక్కొక్క కొట్టుడుకు ఎక్కువ రక్తం తోయడం నేర్చుకుంటుంది. అందుచేత నిమిషానికి తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. కండరాలలో వెంట్రుకల కంటె సన్నని రక్తనాళాలు కొత్తగా పుడతాయి. తిండిని శక్తిగా మార్చే మైటోకాండ్రియా అనే కణభాగాలు పెరుగుతాయి. బరువులెత్తేవారి సంగతీ ఇంతే. మొదటి వారాల్లో వచ్చే బలం చాలావరకు కండ పెరిగి వచ్చినది కాదు. ఎక్కువ కండపోగులను ఒక్కసారిగా పనిలోకి పిలవడం నరాలు నేర్చుకున్నందువల్ల వచ్చినది. కండ పెరగడం తీరుబడిగా, తరువాతి వారాల్లో కనబడుతుంది.

ఈ నేర్పులన్నీ పూర్తయ్యాక అదే నడక శరీరానికి సులువవుతుంది. పైగా 84 కిలోల మనిషి మోసిన బరువు 79.5 కిలోల మనిషి మోయడు గదా! అదే దూరానికి ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. అంకె ఆగిపోవడానికి ఇదొక కారణం. బావగారి నడక పనిచేయడం మానలేదు. చెప్పిన పని పూర్తిచేసి, కొత్త పని కోసం చేతులు కట్టుకు నిలబడింది.

రెండవ కారణం మరీ చిత్రమైనది. టాంజానియాలో హాడ్జా అనే వేటగాళ్ళ తెగ ఉంది. వారు రోజూ మైళ్ళ కొద్దీ నడుస్తారు, గడ్డలు తవ్వుతారు. వారు రోజుకు ఖర్చుపెట్టే శక్తిని 2012లో కొలిచి చూస్తే, ఒంటి పరిమాణం లెక్కకు తెచ్చుకున్నాక, అది అమెరికాలో కుర్చీలలో కూర్చునే వారి ఖర్చుకు దాదాపు సమానంగా తేలింది. ఒకచోట ఎక్కువ ఖర్చయితే శరీరం ఇంకొకచోట బిగపట్టుకుంటుందన్నమాట. ఈ సంగతి చెప్పగానే మా అక్కయ్య అందుకుంది:

"నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను. పొద్దున నలభై నిమిషాలు నడిచి వచ్చి, ఆ నడిచిన పుణ్యానికి మధ్యాహ్నం మూడో మారు అన్నం పెట్టించుకుని, సాయంత్రం దాకా పడక కుర్చీలోంచి లేవరు!"

బావగారు పత్రిక అడ్డం పెట్టుకున్నారు. ఆ మధ్యాహ్నం నుంచి ముద్దపప్పూ ఆవకాయా కంచంలోనే ఉన్నాయి గాని, మూడో మారు అన్నం స్థానంలో గోరుచిక్కుడు కూర చేరింది. భోజనం కాగానే పడక కుర్చీకి బదులు వీధి చివరిదాకా పది నిమిషాల నడక వచ్చింది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం కోసం కాచుకోకుండానే రక్తంలోని చక్కెరను లాక్కోగలదు. చక్కెర పెరిగే వేళ తిన్న తరువాత గనుక, ఆ వేళ నడిచిన పది నిమిషాలకు ఫలం ఎక్కువ.

ఇహ నడకను మార్చడం. దీనికి డాక్టరుగారి అనుమతి తీసుకున్నాం. ఆయన గుండె పరీక్ష చేయించి, పాదాలు చూసి, "మందు మానవద్దు. జేబులో నాలుగు పంచదార బిళ్ళలు ఉంచుకోండి. ఛాతీలో నొప్పిగాని బిగపట్టినట్టుగాని అనిపిస్తే అక్కడే ఆగిపోండి," అని హెచ్చరించి పంపారు. ఒక ఆదివారం ఉదయం ఆటో మాట్లాడుకుని మౌలాలి గుట్టకు బయలుదేరాం.

మెట్టుగూడ దాటి వెళ్ళే ఆ దారంతా రైల్వే వారి రాజ్యం. చింతచెట్లు, పాతకాలపు క్వార్టర్లు, వాటి నడుమ 1957లో నెలకొల్పిన రైల్వే సిగ్నల్ ఇంజనీరింగు శిక్షణ సంస్థ. దాని పేరు చెబితే అందరికీ తెలియకపోవచ్చు గాని, అక్కడి బాడ్మింటన్ కోర్టులో మెహబూబ్ అలీ అనే శిక్షకుడి దగ్గర ఓనమాలు దిద్దిన పిల్ల పేరు చెబితే తెలియనివారు ఉండరు. ఆమె పి.వి. సింధు. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళు. తండ్రి రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు. మారేడుపల్లిలో ఉండగా ఆ పిల్ల శిక్షణకోసం ప్రతిరోజూ యాభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసేదని అప్పటి పత్రికలు రాశాయి.

సింధుకు కూడా అంకె ఆగిపోయిన రోజులున్నాయి. ప్రపంచ పోటీల్లో 2013లో కాంస్యం, 2014లో కాంస్యం. 2016లో రియో ఒలింపిక్స్‌లో రజతం. 2017లో గ్లాస్గోలో ప్రపంచ పోటీల ఆఖరి ఆట 110 నిమిషాలు సాగి చేజారింది. 2018లో మళ్ళీ ఆఖరి ఆటలోనే ఓటమి. ఫైనల్స్ గెలవడం ఈమె వల్ల కాదని అనేవాళ్ళు అననే అన్నారు. 2019లో కొరియా దేశపు శిక్షకురాలు కిమ్ జీ హ్యున్ ఆమె ఆటను దిద్దారు. బరువులతో ఒళ్ళు విరిచే కసరత్తు చేస్తున్న సింధును ఆ ఏడాది దేశమంతా తెర మీద చూసింది. ఆగస్టు 25న బాసెల్‌లో, రెండేళ్ళ కిందట తనను ఓడించిన ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ఆమె ప్రపంచ విజేత అయింది. మెట్టు ఎక్కలేక ఆగిన చోట ఆమె అదే అడుగు మరింత గట్టిగా వేసి ఊరుకోలేదు. అడుగు వేసే తీరే మార్చుకుంది.

మౌలాలి గుట్ట దూరం నుంచి చూస్తే ఏనుగు పడుకున్నట్టుంటుంది. పైన కుతుబ్ షాహీల కాలం నాటి దర్గా. హజ్రత్ అలీ పేరిట వెలసిన ఆ స్థలానికి హిందువులూ మొక్కుకుంటారు. దిగువన, నిజాముల కొలువులో వెలిగిన కవయిత్రి మాహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. ఆవిడ 1824లో కన్నుమూసింది. మెట్లు నాలుగు వందలకు పైబడి ఉంటాయి. రాతి మెట్లు, వెడల్పు. ఎండ ఎక్కక ముందే ఎక్కాలి.

"ఒక్క బిగిన ఎక్కవద్దు బావగారూ. ముప్పై మెట్లు కొంచెం చురుకుగా, తరువాత నిలబడి ఊపిరి కుదుటపడే దాకా విశ్రాంతి. మళ్ళీ ముప్పై," అన్నాను.

ఈ పద్ధతి నా సొంత కల్పన కాదు. చెక్ దేశపు పరుగువీరుడు ఎమిల్ జాటోపెక్ కొంతదూరం వేగంగా, కొంతదూరం మెల్లగా, మళ్ళీ వేగంగా పరుగెత్తి సాధన చేసేవాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ అతనే గెలిచాడు. నలభై నిమిషాలూ ఒకే తీరున సాగే నడకలో గుండెకు తెలియని సంగతేమీ ఉండదు. మెట్టు మెట్టుకూ పెరిగి, నిలబడగానే తగ్గి, మళ్ళీ పెరిగే పనిలో దానికి కొత్త పాఠం ఉంటుంది.

మూడు చోట్ల కూర్చుని, నాలుగోసారి నిలబడి, బావగారు పైకి చేరారు. పైన గాలి బ్రహ్మాండంగా ఉంది. రైలు పెట్టెలు అగ్గిపెట్టెల్లా వరసగా నిలిచి ఉన్నాయి. ఉత్తరాన అమ్ముగూడ ఉందని ఆయనకు చెప్పాను. ఆ పల్లెలో పుట్టిన తులసీదాస్ బలరాం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన మన ఫుట్‌బాల్ జట్టులోనూ, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆడాడు. ఆ రెండు జట్లకూ గురువు హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. రహీంగారు కుడికాలి ఆటగాళ్ళు ఎడమకాలితోనే, ఎడమకాలి వాళ్ళు కుడికాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టేవారట. బాగా వచ్చిన కాలు వచ్చినట్టే ఉంటుంది, రాని కాలికి పని చెబితేనే ఆటగాడు పెరుగుతాడన్నది ఆయన ఎత్తు.

"అయితే నాకు రాని కాలు ఏదంటావ్?" అన్నారు బావగారు.

రాని కాలు ఆయన కండబలం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేరు. ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లు కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం మొదలుపెట్టించాం. మొదట ఎనిమిదిసార్లు, అది తేలికయ్యాక పది, తరువాత చేతిలో రెండు కిలోల బియ్యం సంచీతో. మన గరిడీలలో దండీలూ బస్కీలూ ఒక్కొక్కటే పెంచుకుంటూ పోవడం ఎవరూ చెప్పకుండానే ఉన్నది. గాయపడ్డ సైనికులకు కొద్దికొద్దిగా బరువు పెంచుతూ కండ తెప్పించే పద్ధతిని డీలార్మ్ అనే అమెరికా డాక్టరు 1945లో వైద్యశాస్త్రానికి ఎక్కించారు. పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ కాక, రెండు రోజులు కండరాల కసరత్తు కూడా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

ఒక్క మాట మరిచిపోరాదు. కండ కసరత్తు చేసేటప్పుడు పెరగదు, పడుకున్నప్పుడు పెరుగుతుంది. ఆగిన అంకె మీద పంతం పట్టి రోజుకు రెండు పూటలా మెట్లెక్కేవారు బాగుపడే వ్యవధి ఒంటికి ఇవ్వరు. వారికి మిగిలేది మోకాళ్ళ నొప్పి. బావగారికి మెట్లు వారానికి రెండే సార్లు. మిగతా రోజుల్లో మైదానం. ఒక రోజు పూర్తిగా సెలవు. నాలుగైదు వారాలకొకసారి ఒక వారం అన్నీ సగానికి తగ్గింపు.

పది వారాల తరువాత లెక్క చూశాం. తపాలా శాఖ వారి అలవాటు, ఆయన అన్నీ ఒక పుస్తకంలో గీతలు గీసి రాసుకున్నారు. బరువు 78.6. అంటే కిలో కూడా పూర్తిగా తగ్గలేదు. కాని పరగడుపు చక్కెర 111. పొద్దున లేవగానే నాడి నిమిషానికి 82 ఉండేది 73కు వచ్చింది. బెల్టు రెండు రంధ్రాలు లోపలికి జరిగింది. తూకపు యంత్రానికి కొవ్వేదో కండేదో తెలియదు. ఒకటి పోయి ఇంకొకటి వచ్చినా దానికి అంకె ఒకటే.

ఇవి కూడా ఎక్కడో ఒకచోట ఆగుతాయి. అరవై ఏళ్ళు దాటిన గుండె ఇరవై ఏళ్ళ గుండె కాదు. ప్రతి ఒంటికీ ఒక కప్పు ఉంటుంది. ఆ సంగతి బావగారితో దాచకుండానే చెప్పాను. అక్కడికి చేరాక పెంచడానికి ఏమీ మిగలకపోయినా, నిలుపుకోవడానికి ఎంతో మిగులుతుంది. కొన్ని వారాలు మానేస్తే చాలు, నెలల తరబడి నేర్చినదాన్ని శరీరం మరిచిపోవడం మొదలుపెడుతుంది. కదలని అంకె అన్నది రోజూ నడిచి నిలబెట్టిన అంకె.

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. "మా నాన్నగారికి ఈ మాట చెప్పినవారు లేకపోయారు," అన్నారు చివరకు.

మౌలాలి వెళ్ళదలచిన వారు నీళ్ళ సీసా, మడమ పట్టే బూట్లు మరవకండి. గట్టి ఎండల్లో మెట్లు కాలిపోతాయి. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా మంచి అదను. మా బావగారి పుస్తకంలో వచ్చే మాఘమాసం పుటలో ఇప్పటికే ఒక గీత గీసి ఉంది. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. అక్కయ్య కూడా వస్తానంటోంది. ఆవిడకు బూట్లు ఏ కొలతవి కొనాలో ఇంట్లో ప్రస్తుతం అదే చర్చ.